ఒక రోజు ముందే వచ్చిన అమావాస్య

కిందటి వారం చెల్లెలు పద్మతో మెక్సికో వెళ్ళి నాలుగు రోజులు ఉండి వచ్చాను. అక్కడి ప్రాచీనులైన మాయన్ల రాతి గుళ్ళు చూశాం. బుధవారం పద్మతో పాటు మా టూర్‌లోని వాళ్ళందరూ గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్ళలో చేపల్ని చూసే స్నార్కెలింగ్‌కి దిగారు. అమావాస్య రేపు కదా, పర్వదినం కాని రోజు సముద్రాన్ని తాకకూడదని నేను ఒడ్డునే కూర్చున్నాను. గురువారం పొద్దున్నే తిరుగు ఫ్లైట్.

ఈ రోజు మా ఊరు కాపెల్‌లో గుడికి వెళితే గోడ మీద ఇక్కడి పంచాంగం కనిపించింది. అమావాస్య ఇటువైపు ఒక రోజు ముందే, బుధవారమేనట. ఇరవయ్యేళ్ళుగా అమెరికాలో ఉంటూ, నేను ఫోన్‌లో చూసుకున్నది హైదరాబాద్ తిథి.

పద్మకి ఫోన్ చేసి చెబితే పడీపడీ నవ్వింది.

"ఆ మాయన్లు వాళ్ళ ఆకాశం చూసి రోజులు లెక్కపెట్టుకున్నారు. నువ్వేమో మెక్సికోలో కూర్చుని హైదరాబాద్ చంద్రుణ్ణి ఫాలో అయ్యావా అక్కా!"

"సరేలే. నీళ్ళ లోపల ఎలా ఉందే?"

నవ్వు ఆపి చెప్పింది.

"చుట్టూ చేపలు. మన ఊపిరి తప్ప ఇంకేం వినపడదక్కా. నువ్వు జపం చేసుకోవడమే గుర్తొచ్చింది."

సాయంత్రం దీపం పెట్టి కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే నేను చూడని ఆ చేపలే తిరిగాయి. స్వామి క్షమించాలి.

ఇది చదివే మీలో ఎవరైనా మెక్సికో వెళ్తుంటే చెప్పండి. ఈసారి తిథి చూడకుండానే వస్తాను.