ఆఖరి డ్రెస్సింగ్ కిట్

రిటైరయ్యేందుకు ఇంకా రెండేండ్లు ఉందనంగ నన్ను భద్రాచలం దిక్కు ఒక దవాఖానల సర్జికల్ వార్డుకు హెడ్ నర్సుగా వేసిండ్రు. వాక్యూమ్ డ్రెస్సింగ్ మిషన్ మా వార్డుకు వచ్చింది ఆ ఏడే. నర్సు పనంటే సూదులిచ్చుడేనా అమ్మమ్మా అని మొన్న ఫోన్ల అడిగిండ్రు కదా, ఇది వినుండ్రి.

అశ్వారావుపేట దిక్కు పామాయిల్ తోటల గెలలు కోసే రాములుకు పిక్కల ముల్లు దిగింది. వారం రోజులు పట్టించుకోలే. మా దగ్గరికి వచ్చేసరికి చీము తోలు కిందికెళ్లి మోకాలు దాక పాకింది. సర్జన్ సారు చచ్చిన కండంత రెండుసార్లు కోసి తీసిండు. చీమైతే ఆగింది గానీ పిక్క మొత్తం బోలుగైంది. కొత్త కండ రాకుంటే కాలు తీసుడే అన్నడు సారు.

అందుకే రాములుకు ఆ మిషన్ పెట్టినం. దాని పని గిట్ల ఉంటది. పుండు కొలతకు స్పాంజి కత్తిరించి లోపల పెడ్తం. మీదంగ పల్చని ప్లాస్టిక్ పొర కప్పి, చుట్టూ మంచి తోలుకు అంటిస్తం. దానికి పైపు. ఈ మూడు కలిపితే ఒక కిట్. మిషన్ గాలి గుంజితే స్పాంజి ముడుచుకొని చెడునీరు డబ్బల పడ్తది, కొత్త కండ లేస్తది. ఎక్కడన్న సందు ఉంటే పని బంద్, అలారం మోగుతనే ఉంటది.

మొదటి పొర ఒక్క పూటకే ఊడింది. రెండోది గంతే. మిగిలింది ఒక్క కిట్. ఇది గూడ ఊడితే కాలు తీసుడేనని ఆపరేషన్ కాగితం రాసి పెట్టుకున్నడు సారు.

పాతది తీసి తోలు తుడుస్తుంటే నా వేలు జారింది. గాజుగుడ్డ వాసన చూస్తే ఆముదం. రాములు తల్లి వెంకమ్మ పక్కనే ఉన్నది.

"ఏందమ్మా, నూనె రాసినవా?"

"అవ్ బిడ్డా. పుండు ముట్టలే. చుట్టూ తోలు ఎండుతుందని పొద్దుమాపు రాస్తున్న. మా ఇండ్లల్ల గట్లనే చేస్తం."

రాములు పండుకున్న కాడికెళ్లే అన్నడు, "నేనామెకు ఆవకాయ జాడీ లెక్క కనపడ్తున్న సిస్టర్. నూనె తక్కువైతే బూజు పడ్తదని భయం."

సబ్బునీళ్లతోని కడిగి, స్పిరిట్‌తోని తుడిచి, మంచిగ ఆరినాంక పొర అంటించిన. స్విచ్ వేసిన. చూస్తుండంగనే స్పాంజి ముడుచుకుంది. అలారం మోగలే. వెంకమ్మ వేలు పట్టి పొర మీద పెట్టిన. "గట్టిగ ఉంది కదా? మెత్తబడ్డదా, జల్దీ నన్ను పిలువు" అన్న. ఇగ ఆమె అక్కడికెళ్లి కదలలే. మధ్యల సారు చూడనీకి వస్తే గూడ, "గట్టిగనే ఉంది సారూ, పెద్దగ ఒత్తకు" అన్నది.

మూడో నాడు విప్పినం. అడుగంత ఎర్రగ, దానిమ్మ గింజలు పరిచినట్టు కొత్త కండ. సారు ఆపరేషన్ కాగితం చింపిండు. తర్వాత తొడ తోలు తీసి అక్కడ అతికిండు. రాములు రెండు కాళ్ల మీద ఇంటికి పోయిండు.

మొదటి రెండు కిట్లు పాడైంది వెంకమ్మతోని కాదు, నాతోని. ఆమెకు మిషన్ సంగతి ఒక్క మాటన్న చెప్పలే నేను. అప్పటికెళ్లి రోగి కాడ ఉండేటోళ్లకు ఏం రాయొద్దో, ఎందుకు రాయొద్దో చెప్పినాంకనే కిట్ విప్పిన.