నూట ఎనిమిది దండీల మొక్కు

ఆ రోజుల్లో భయానికి కూడా ఒక వరస ఉండేది. పిల్లలు పంతుళ్లకు, కోడళ్లు అత్తలకు, రైతులు ఆకాశానికి భయపడేవాళ్లు. నేను మాత్రం నా భుజానికి భయపడ్డాను. మనిషి తన భుజానికి తానే భయపడడమేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి, ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. అప్పట్లో మాత్రం ఆ భయంతో నెలల తరబడి అన్నం ముద్ద గొంతు దిగేది కాదు.

అరవ దేశంలో, కోవిల్‌పట్టికి నాలుగు మైళ్ల దూరంలో, నల్లరేగడి చేల మధ్య మా ఊరు. ఊరికంతటికీ ఒక పెరుమాళ్లు, ఆ పెరుమాళ్లకు ఒక పల్లకి, ఆ పల్లకికి నాలుగిళ్ల భుజాలు. దసరా రోజుల్లో వచ్చే పెరటాసి నెల మూడో శనివారం స్వామి కోవెలలో బయలుదేరి ఊరి చివరి మండపం దాకా వెళ్తారు. వెనక ఎడమ వైపు మా ఇంటిది, వెనక కుడి వైపు మా మామది. నడిదారిలో పల్లకి ఎక్కడా ఆపకూడదు. ఆపితే మరుసటి నెల ఐప్పసిలో రావలసిన వాన రాదని పెద్దల నమ్మకం. (మా నేలలో వాన రాకపోతే ముందు పత్తి ఎండుతుంది, ఆ తర్వాత మనుషులు.) ఒక ఏడు ఉత్సవం అయిన నెలకు బురదలో బండి ఒరిగి మా నాయన భుజం ఎముక విరిగింది. కట్టు కట్టిన వైద్యుడు, ఇక ఈ భుజం మీద తువ్వాలు తప్ప మరేమీ వేయకూడదన్నాడు. ఇంటికి నేనొక్కడినే కొడుకుని. అంటే వచ్చే పెరటాసికి స్వామిని మోయవలసింది నేను.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఊళ్లో నన్ను బూజుకర్ర అని పిలిచేవాళ్లు. ఆ పేరు పెట్టినవాడికి మనుషులను చూసే కన్ను బాగానే ఉందని ఒప్పుకోవాలి. విరుదునగర్‌లో ఒక మిరపకాయల మండీలో మూటలకు చీటీలు రాసే పని నాది. నాయన విషయం తెలిపే ఉత్తరం వచ్చిన మర్నాడే, నా కళ్ల ముందు ఒక కూలీ వీపు మీది మూట జారి నేల మీద పగిలింది. మండీ అంతా తుమ్ములే తుమ్ములు. నేనొక్కడినే ఏడ్చాను. అది మిరప ఘాటని అందరూ అనుకున్నారు. నాకు మాత్రం అక్కడ పడింది మిరపకాయలు కావు.

చిన్నప్పటి నుంచి భజన గోష్ఠిలో పెరిగినవాడిని. స్వామిని నమ్మినవాడికి భయం లేదని వందసార్లు విన్నాను, నాలుగు సార్లు నిలబడి చెప్పాను కూడా. కానీ ఆ మాట స్వామి మనల్ని మోసేటప్పటిది. మనం స్వామిని మోసేటప్పుడు ఏమిటన్నది గోష్ఠిలో ఎవరూ చెప్పలేదు. అందుకని నూనె గానుగల వీధి వెనక కసరత్తు నేర్పే గరిడీకి వెళ్లాను. అక్కడి గురువును అందరూ వాద్దియారు అనేవాళ్లు. అరవై దాటిన మనిషి, మాలాగే తెలుగు మాట్లాడే ఇంటివాడే. నా సంగతంతా విని, చూపుడువేలితో నా మెడకింది ఎముకను నొక్కి చూసి, సంతలో దూడను చూసినట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"పది దండీలు, పది బస్కీలు. ఒక దినం చెయ్, ఒక దినం మాను. వేళకు తిను, వేళకు నిద్దరపో," అన్నాడు. "మిగతాది నీ ఒళ్లే చూసుకుంటాది."

నాకిది బొత్తిగా నచ్చలేదు. ఒక దినం మానడమేమిటి? మొక్కుకున్నవాడు ఒక్క పూట తప్పినా ముందు చేసిందంతా నీళ్లపాలని మా గోష్ఠిలో నేర్పారు. నేను మొక్కుకున్నది పల్లకి కోసం, నా కండల కోసం కాదు. కాబట్టి వాద్దియారుకు తెలియకుండా ఒక సంకల్పం చేసుకున్నాను. మండలం రోజులు, దినానికి నూట ఎనిమిది దండీలు. తెల్లవారుజామున మండీ వెనక ఖాళీ గోతాలు పరుచుకుని, ఒక్కొక్క దండీకి ఒక్కొక్క నామం చెబుతూ, వెయ్యి నామాల్లో నూట ఎనిమిది పూర్తయ్యేదాకా లేచేవాణ్ణి కాదు. ఏకాదశి నాడు మంచినీళ్లు కూడా ముట్టకుండా చేశాను. పది చాలన్నవాడి ముందు నూట ఎనిమిది చేస్తున్నానన్న గర్వం ఒకటి లోపల ఉండేది. అది భక్తి అనుకున్నాను.

రెండు వారాలకే చేతులు నా మాట వినడం మానేశాయి. నుదుట నామం పెట్టుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. గోడకు మోచెయ్యి ఆనించి, తలనే అటూ ఇటూ ఆడించి పెట్టుకునేవాణ్ణి. అది ఒకరోజు కనుబొమ మీదికి, ఒకరోజు చెవి వైపుకి పోయేది. ముద్ద నోటి దాకా రాక, నోటినే విస్తరి దాకా దించేవాణ్ణి. నిద్ర పోయింది, ఆకలి పోయింది. అన్నిటికంటే వింత ఏమిటంటే, భయం పోతుందని ఇంత చేస్తే అది రెండింతలైంది. రైలు కూత వింటే ఉలిక్కిపడి లేచేవాణ్ణి. చీటీల మీద అంకెలు తారుమారు. శనివారం భజనలో, ఏడేళ్ల వయసు నుంచి కంఠతా వచ్చిన నామాలు నడిమధ్యలో ఆగిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాను. స్వామి నన్ను వద్దంటున్నాడని నమ్మకం కుదిరింది.

ఇరవయ్యో రోజున గరిడీలో కర్ర గద తిప్పుతుంటే చేతిలోంచి జారింది. అది వెళ్లి వాద్దియారు కాలి బొటనవేలికి జానెడు దూరంలో పడింది. నేను గదను చూడలేదు. పల్లకి పడినట్టే కనిపించి అక్కడే కూలబడ్డాను. ఆయన నా చొక్కా విప్పించి, వాచిన భుజాలు చూసి నిజం చెప్పమన్నాడు. మొక్కు సంగతి చెప్పక తప్పలేదు.

"నూట ఎనిమిది కావాలని పెరుమాళ్లు అడిగినాడా?"

"లేదు సామీ. నేనే మొక్కుకున్నా."

"సరే. మద్యాన్నం కోవెల తలుపు ఏంటికి మూస్తారు?"

"స్వామి పవళిస్తాడు గదా," అన్నాను.

"ఆయనకే పవళింపు ఉండాది. నీకు అక్కరలేదా? ఆయన కంటే పెద్దోడివా నువ్వు?"

గోష్ఠిలో అన్నేళ్లు కూర్చున్నా ఇలాంటి మాట అంతకు ముందు వినలేదు. ఏడు రోజులు గరిడీ గడప తొక్కవద్దన్నాడు. ఉద్దుల (మినుముల) గంజి, శనివారం తలకు నూనె, మధ్యాహ్నం కునుకు. మొక్కు భంగమైందని నేను ఏడు రోజులూ శిక్ష కోసం ఎదురుచూస్తూ పడుకున్నాను. పాము కరుస్తుందా, పని పోతుందా, కళ్లు పోతాయా? మూడో రోజు వచ్చిందల్లా ఆకలి. నాలుగో రోజు నిద్ర. ఏడో రోజు పొద్దున చెయ్యి ఎత్తి నుదుటి మధ్యన నిలువుగా నామం పెట్టుకున్నాను. అద్దంలో చూసుకుంటే ఆ ముఖం కాస్త నాదిలాగే ఉంది.

ఆ తర్వాత ఆయన చెప్పినట్టే చేశాను. పది, పన్నెండు, పదిహేను. ఒక దినం పని, ఒక దినం విశ్రాంతి. నెలలు గడిచేకొద్దీ భుజం గట్టిపడింది, నిద్ర గట్టిపడింది. భయం పోలేదు, అబద్ధం చెప్పను. దానికొక హద్దు ఏర్పడింది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని కూడా అన్నం తినగలిగాను. ఇంకొకటి కూడా అబ్బింది. ఓర్చుకుంటే తీరే అలసట ఏదో, ఓర్చుకుంటే పడేసే అలసట ఏదో నా ఒళ్లు నాకు ముందుగా చెప్పసాగింది. ఇది నేర్పడానికే వాద్దియారు అన్ని నెలలు తీసుకున్నాడని ఆలస్యంగా తెలిసింది.

పెరటాసి మూడో శనివారం వచ్చింది. రైలు దిగి ఊరు చేరేసరికి నా కాళ్లు మళ్లీ బూజుకర్ర కాళ్లే. పల్లకి కింద మా మామ నిలబడి ఉన్నాడు. గడ్డివామి అంత మనిషి, ఇరవై ఏళ్లుగా మోస్తున్నవాడు.

"ఏమప్పా బూజుకర్రా," అన్నాడు, "నువ్వు స్వామిని మోస్తావా, స్వామి నిన్ను మోయాల్నా?"

అందరూ నవ్వారు. పల్లకి లేచింది. కోవెల వీధి దాటాం, మంచినీళ్ల బావి దాటాం. భుజం బాగానే ఉంది. సజ్జల కళ్లం దగ్గర దారి పల్లమై మళ్లీ మెట్టెక్కుతుంది. సరిగ్గా అక్కడ నా ఒళ్లు ఆ రెండో అలసట కబురు చెప్పింది. మండపం ఇంకా రెండు వందల అడుగులు. నాకు స్పష్టంగా తెలిసింది, వంద అడుగులు మోయగలను, ఆ తర్వాత మోయలేను. ఆపితే ఊరి వాన పోతుంది. ఆపకపోతే స్వామి నేల మీద. మడుగులో మొసలికి చిక్కిన ఏనుగు గుర్తొచ్చింది. అంతటి ఏనుగు కూడా బలం ఉడిగేదాకా పెనుగులాడి, చివరికి నోరు తెరిచి అడిగింది కదా.

"ఆపండి," అన్నాను. కీచుగా వచ్చింది. "స్వామిని ఊతకర్రల మీద నిలపండి."

మేళం ఆగిపోయింది. ఊరంతా నా వైపు తిరిగింది. గుంపులో నాయన కళ్లు మూసుకోవడం చూశాను. ఒక పెద్దాయన ఏమంటివిరా అంటూ ముందుకు వచ్చాడు. అప్పుడు నా పక్కనుంచి మామ గొంతు లేచింది. "నిలపండప్పా. చెప్తా ఉండాడు గదా, వినబళ్లేదా?"

మండపంలో దించడానికని వెంట తెచ్చిన ఊతకర్రలు పల్లకి కొయ్యల కింద పడ్డాయి. అర్చకుడు తెలివైనవాడు, ఆగినందుకు ఒక కారణం ఉండాలి కనుక వెంటనే కర్పూరం వెలిగించాడు. అందరూ చేతులు జోడించి అటు చూస్తుండగా మామ వంగి మోకాళ్లు పట్టుకున్నాడు.

"ఇరవై ఏండ్లుగా ఈ కళ్లం కాడ పడేస్తానేమో అని సస్తా ఉండాను, అల్లుడా," అన్నాడు నాకు మాత్రమే వినబడేలా. "ఎవుడన్నా ఈ మాట అంటాడా అని చూస్తా ఉంటి. నేను అనలేకపోతి."

హారతి అయ్యాక పల్లకి మళ్లీ లేచింది, స్వామి క్షేమంగా మండపం చేరాడు. ఆ సాయంత్రం నాయన, తనకూ ఎప్పుడూ ఆ కళ్లం దగ్గరే కళ్లు తిరిగేవని ఒప్పుకున్నాడు. కానీ నా భయం అక్కడితో తీరలేదు. విరుదునగర్ తిరిగి వచ్చి, ఐప్పసి మొదలైనప్పటి నుంచి రోజూ తూర్పు ఆకాశం చూడడం, తెన్‌పక్క (దక్షిణం) నుంచి వచ్చే రైలు దిగిన ప్రతివాణ్ణీ మా వైపు వాన పడిందా అని అడగడం, ఇదే పని. వాన లేకపోతే ఊరు ఎండడానికి కారణం నా భుజం. ఆ నెలలో కూడా ఒక దినం చేసి ఒక దినం మానేవాణ్ణి. మానిన దినం మాత్రం కూర్చుని వణికేవాణ్ణి. పదిహేనో రోజున వాన పడిందని ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు, ఎప్పటిలాగే పడిందట. ఆ ఉత్తరం కళ్లకద్దుకున్నాను.

మరుసటి ఏడు కళ్లం దగ్గర పల్లకి తనంతట తానే ఆగింది. ఆ మరుసటి ఏడు అక్కడ పల్లకి ఆనించడానికి రెండు రాతి స్తంభాలు వేశారు. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మోయడం ఎప్పుడో మానేసి, పొద్దున్నే రెండు వీధులు నడిచి, మధ్యలో ఎవరి అరుగో చూసుకుని కూర్చునే వయసు. పోయిన పెరటాసికి ఆ స్తంభాల పక్కన నిలబడి ఉంటే, ఒక అవ్వ తన మనవరాలికి చెబుతోంది. పూర్వకాలంలో స్వామి ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోయి, నన్ను కొంచెం దించండప్పా అని తానే నోరు తెరిచి అడిగాడట. నేను దిద్దలేదు. నమ్మినవాణ్ణి, ఏమో, నిజమే కావచ్చు. స్వామి గొంతు అంత కీచుగా ఉండేదని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.