బస్సులో బావ చెప్పిన వాటా

స్టీల్‌ప్లాంటు కడుతున్న రోజుల్లో కూర్మన్నపాలెంలో గది దొరకడమంటే మాటలు కాదు. బస్సులో నా పక్కన కూర్చున్న వెల్డరు, తాను అద్దెకుంటున్న రెండు గదుల్లో ఒకటి నాకిస్తానన్నాడు. ఎంత అడుగుతాడోనని అతనివైపు అనుమానంగా చూశాను.

“ఏటి బావా, అలా సూత్తన్నావ్? దీన్ని వాటా అంటారు కదా! నానిచ్చే అద్దెలో సగమే నీ వాటా. అంతకన్నా లాగితే నీ సొమ్ముతో నాను కాపరం సేసినట్టే” అని నవ్వాడు. “ఓనరుకి నీ పేరు కూడా సెప్తాను. రేపు నాను ఎల్లిపోయినా నిన్ను ఖాళీ సెయ్యమనకూడదు.”

అక్కడ నాకు పని కుదరలేదు, ఆ గదిలో దిగనూ లేదు.

ఇప్పుడు మా మేడమీద గదికి పక్కింటివాళ్ళంత అద్దె ఎందుకు తీసుకోరని మా ఆవిడ పోరుతూ ఉంటుంది. బస్సులో బావ ఒప్పుకోడంటాను.