అనపతీగకు గంజి పెట్టిన రోజులు

మీ బాల్కనీ తొట్టిలో చిక్కుడుతీగకు నల్లగా ఏదో అంటుకుందని, వేలు పెడితే జిగటగా తగులుతోందని మొన్న ఫోన్లో చెప్పారు. దాన్ని పేనుబంక అంటారమ్మా. ఆవగింజకన్నా చిన్న పురుగులు. లేత కొనలను పట్టుకుని రసం పీల్చేస్తాయి. దానికి ఏం కొట్టాలో చెప్పమన్నావు పెద్దదానా నువ్వు. చెప్తాను. కానీ అది చెప్పాలంటే నువ్వింకా మీ అమ్మ కడుపులో ఉన్నప్పటి సంగతి చెప్పాలి. తమ్ముడిని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

తొంభైల చివర్లో మేం ధర్మవరంలో ఉండేవాళ్ళం. మీ తాత అక్కడి బడిలో పంతులు. మా అత్త, అంటే మీ తాత వాళ్ళమ్మ, మాతోనే ఉండేది. ఇంటి వెనక నాలుగు మంచాలు పట్టేంత జాగా. అందులోనే వంగ, టమోటా, గోంగూర, గోడవారగా ఒక చిన్న పందిరి. గోడకు అవతలి ఇంట్లో పట్టుచీరలు నేసేవాళ్ళు. ఆ ఇంటి ఇల్లాలు నాకన్నా నాలుగైదేళ్ళు చిన్నది, చెల్లెలా అని పిలిచేదాన్ని. పొద్దున మగ్గం చప్పుడు మొదలైతే నేను పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. గడియారం చూసే పని ఉండేది కాదు.

మీ అమ్మను హిందూపురం ఇచ్చాం. శ్రావణంలో పుట్టింటికి వచ్చినప్పుడు తనకి మూడో నెల. అన్నం ఉడికే వాసన పడదు, తిరగమోత వాసన పడదు, ఆఖరికి కాఫీ గ్లాసు కడిగినా పడదు. ఏది తిన్నా లోపల నిలవదు. ఒక సాయంత్రం వెనకవైపు మెట్ల మీద కూర్చుని తనే అంది.

"అనపకాయలు వచ్చేటప్పటికి నాకు బాగైతుందిలే మా. అప్పుడు పితికినపప్పు చేసి పెట్టు. రెండు ముద్దలు తింటా."

పితికినపప్పు మీకు తెలియదు కదా. అనపకాయలంటే మీ చిక్కుడు జాతివే. వాటిని వొలిచి, ఆ గింజలను రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్కదాన్ని వేళ్ళ మధ్య పట్టి నొక్కితే పైతోలు చేతిలో మిగిలి లోపలి పప్పు బయటికి దూకుతుంది. ఆ పప్పుతో కొబ్బరి, వెల్లుల్లి, ధనియాలు, లవంగం నూరిపోసి పులుసు పెడతాం. రాగిసంగటిలో నంజుకుంటే ఇక వేరే ఏదీ అక్కర్లేదు. చలికాలంలో మా వైపు ఇళ్ళన్నీ ఆ వాసనే.

మరునాడే మీ అమ్మ పందిరి కింద తన చేత్తో అయిదు అనపగింజలు నాటి హిందూపురం వెళ్ళిపోయింది.

తీగ బాగా పాకింది. మీ అమ్మే పాకలేదు, అంటే ఒళ్ళు చేయలేదు. ఆరో నెల వచ్చినా మజ్జిగ, రెండు బిస్కెట్లు, అంతే. బిడ్డ బరువు చాలదని, ఏది ఇష్టపడితే అది తినిపించమని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. పాపం ఆమె అత్తగారు సంతలో ముందుగా వచ్చిన అనపకాయలు ఏరి తెచ్చి చేసి పెట్టింది. ఆ రోజే మీ అమ్మ ఫోన్ చేసింది.

"పురుగుల మందు వాసన వస్తాండాది మా. నోట్లో పెట్టుకోలేకపోయినా. మన తీగ ఎట్ల ఉండాది?"

"పూత మీద ఉండాది. నువ్వు ఏడో నెలలో వచ్చేసరికి కాయ నిండుతుంది" అన్నాను.

ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్ళి చూశాను. పూలగుత్తుల మెడల చుట్టూ నల్లగా, కాటుక పూసినట్టు పేనుబంక.

అంతకుముందు కూడా పురుగులు రాకపోలేదు. వంకాయల్లో పుచ్చు ఉంటే ఆ ముక్క కోసి పారేసేదాన్ని. టమోటా ఆకు ముడుచుకుంటే ఆ మొక్క పీకేసేదాన్ని. వాటికోసం ఒక పూట కూడా దిగులు పడలేదు. ఈసారి మాత్రం అలా వదిలేయలేను. ఆ తీగ పోతే మీ అమ్మ ఈ చలికాలమంతా బిస్కెట్లతోనే గడిపేస్తుంది.

మీ తాత సాయంత్రం బడి నుంచి వస్తూ ఒక సీసా తెచ్చారు. తోటి పంతులు తన చెనిక్కాయ, అదే వేరుశనగ చేనుకు కొట్టగా మిగిలిందట.

"ఒక మూత నీళ్ళలో కలిపి కొడితే పొద్దున్నకంతా రాలిపోతాయి" అన్నారు.

"బిడ్డ మందు వాసనకే కదా తినకుండా ఉండేది. మళ్ళీ అదే మందు మనమే కొడ్తామా?"

"మరేం చేస్తావు?"

"ఏదో ఒకటి చేస్తా. ఆ సీసా ఇంట్లో పెట్టొద్దు. ఎవరిది వాళ్ళకే ఇచ్చేయండి."

ఆయన చెప్పులు కూడా విప్పకుండా సీసా తిరిగి ఇచ్చేసి వచ్చారు.

స్నానాల నీళ్ళ పొయ్యిలో బూడిద జల్లించి పొద్దున్నే మంచు తడి మీద చల్లాను. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మూడో రోజు మళ్ళీ వచ్చాయి. గోడ అవతలి చెల్లెలు అప్పుడే దండెం మీద బట్టలు ఆరేస్తూ నా మొహం చూసింది.

"ఏమక్కా, అట్ల నిలబడిపోయినావు?"

చెప్పాను. ఆమె నవ్వింది. "మా అమ్మ వాళ్ళింట్లో బంక పడితే గంజి కొట్టేవాళ్ళక్కా. గంజి ఎండి పొరగా లేస్తుంది, దాంతోపాటు పురుగూ లేస్తుంది. బియ్యం గంజి రోంత చల్లి చూడు."

ఇక్కడ నేను చేసిన పని వినండి. మాది పెనుకొండ వైపు సంగటి తినే కుటుంబం. మా అత్త అయితే రెండు పూటలా సంగటే. అన్నం వండేది పండగకో, చుట్టాలు వస్తేనో. కాబట్టి ఇంట్లో బియ్యం గంజి లేదు, రాగిపిండి మాత్రం డబ్బా నిండా ఉంది. నేను ఆలోచించాను. బియ్యం గంజి పలచన. రాగిగంజి చిక్కన, జిగురు ఎక్కువ. పలచటి గంజికే పురుగు లేస్తే చిక్కటి గంజికి వేళ్ళతో సహా లేవాలి కదా. నా తెలివికి నాకే సంతోషమేసింది. పెద్ద గిన్నెడు రాగిగంజి కాచి, చల్లార్చి, వేపరెమ్మ ముంచి పందిరంతా చల్లాను. ఆకు కనిపించకుండా చల్లాను.

పన్నెండు గంటలకల్లా పందిరి ఎర్రమట్టి అలికిన గోడలాగా తయారైంది. ఒక్క పొర కూడా లేవలేదు. పురుగులు దాని కింద చల్లగా ఉన్నాయి. చీమలు బారులు కట్టాయి. పిచ్చుకలు వచ్చాయి. వీధిలోని రెండు కోళ్ళు ఎలా ఎక్కాయో పందిరి మీదికి ఎక్కి, ఆకులను పొడిచి పొడిచి తింటున్నాయి.

మా అత్త వెనక గుమ్మంలోకి వచ్చి చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏం మే, తీగకు సంగటి తినిపిస్తాండావా?"

"గంజి అత్తా. పురుగుకు."

"ఊరుబిండి పచ్చడి కూడా పెట్టకపోయినావా. వట్టి సంగటి ఎట్ల తింటాయి పాపం."

నాకు ఏడుపొస్తుందనుకున్నాను. నవ్వొచ్చింది. కోళ్ళను తోలుతూ నవ్వుతున్నాను, నవ్వుతూ కోళ్ళను తోలుతున్నాను. ఆ గోలకి గోడ అవతల మగ్గం ఆగింది. చెల్లెలు తల ఎత్తి చూసి, అటు నుంచి చుట్టూ తిరిగి మా పెరట్లోకి వచ్చేసింది. ఒక ఆకు తెంపి బొటనవేలితో రాసి చూసింది, పట్టుదారం చూసేటప్పుడు చూసినట్టే.

"అక్కా, ఇది గంజి కాదు, గోడకు కొట్టే మట్టి. దీంతో పడుగుకు పెట్టింటే మా ఆయన నన్ను ఇంట్లోంచి తరిమేవాడు."

పడుగంటే చీరకు నిలువునా పోయే దారాలు. నేతకు ముందు వాటిని పొడుగ్గా సాగదీసి కట్టి గంజి పెడతారు. ఆ పనిలో ఆమె చెయ్యి తిరిగింది.

"ఈ పొద్దు వట్టి నీళ్ళు కొట్టి అంతా కడిగెయ్ అక్కా. మరీ నల్లగా ఉండే కొనలు తుంచి పొయ్యిలో వేసెయ్. రేపు మేం పడుగుకు గంజి పెడ్తాండాం. మిగిలింది తీసుకొని నేనే వస్తా."

తీగను కడగడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. పూలగుత్తుల్లో మూడోవంతు తుంచేయాల్సి వచ్చింది. ఒక్కో గుత్తి తుంచినప్పుడల్లా మీ అమ్మ పళ్ళెంలోంచి ఒక గరిటె తీసేసినట్టే ఉండింది నాకు.

మరునాడు ఆమె చిన్న బకెట్టులో గంజి, చేతిలో పడుగుకు వాడే కుంచెతో వచ్చింది. ఆ గంజి చూస్తే నీళ్ళే. గుడ్డలో రెండుసార్లు వడకట్టారు.

"ఇంత పలచన పనిచేస్తుందా?" అన్నాను.

"ఏలు పెట్టి చూడు. ఏలికి తెలియాల, కంటికి కనపడకూడదు. అట్లుంటేనే గంజి. రోంత మంచు ఆరనీ. తడి మీద పెడితే నిలవదు, ఎండ ముదిరినాక పెడితే మచ్చలు కడ్తుంది."

మంచు ఆరేదాకా ఇద్దరం కాఫీ తాగాం. తర్వాత ఆమె పందిరి కింద గొంతుకూర్చుని కుంచె పైకి విదిలించడం మొదలుపెట్టింది. పురుగు ఉండేది ఆకు అడుగున కదా, నేను పైనుంచి చల్లిందంతా దండగే. కుంచె విదిలిస్తే గంజి పొగమంచులాగా లేచి ఆకుల అడుగున కూర్చునేది. సగం ఆమె మొహం మీద కూర్చునేది.

మా అత్త మెట్ల మీద నుంచి అంది. "మొహానికి గంజి పెట్టుకున్నావంటే రేప్పొద్దున నిన్ను కూడా మడతపెట్టి అంగట్లో అమ్మేస్తారు మే."

"మంచి రేటు చెప్పు అవ్వా. జరీ లేదని తగ్గించొద్దు."

మధ్యాహ్నం ఎండకి పెరట్లోకి వెళ్ళి చూశాను. ఆకుల అడుగున సన్నటి పొర, చేపపొలుసులాగా మెరుస్తూ అంచుల్లో లేస్తోంది. వేలితో తాకితే రాలింది. అరచేతిలో పెట్టుకుని చూస్తే పొర నిండా నల్ల చుక్కలు. అన్నీ అతుక్కుని ఉన్నాయి. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి గోడ మీదనుంచి ఆమెకు చూపించాను. మగ్గం గుంటలోంచి వాళ్ళాయన కూడా లేచి వచ్చి చూశాడు.

ఆ తర్వాత మూడు రోజులకొకసారి గంజి పెట్టాం. దానికోసం మా ఇంట్లో బియ్యం వండడం మొదలైంది. మా అత్త గొణిగేది, అయినా ఆ అన్నం తినేది. మూడో తడవకి తీగ తేరుకుంది. ఎర్రరెక్కల మీద నల్లచుక్కలుండే చిన్న పురుగులు వచ్చి మిగిలిన పేనుబంకను తినడం మొదలుపెట్టాయి. వాటిని అక్షింతల పురుగులంటారని మీ తాత చెప్పారు. మా అత్త ముందు వాటిని కూడా ఏరబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

మార్గశిరంలో సీమంతం అయి మీ అమ్మ వచ్చింది. కళ్ళు లోతుకు పోయి, చేతిగాజులు మోచేతి దాకా జారుతూ ఉన్నాయి. వచ్చీరాగానే పందిరి దగ్గరికి వెళ్ళి ఒక కాయ తెంపి వాసన చూసింది. అనపకాయకు ఒక జిడ్డు వాసన ఉంటుంది, వేళ్ళకు అంటుకుని పోదు. తను ఆ వేళ్ళు ముక్కు దగ్గరే పెట్టుకుని చాలాసేపు నిలబడింది.

"మందు వాసన లేదు మా" అంది.

కోస్తే మూడు చేటల కాయలు వచ్చాయి. మరునాడు పొద్దున నానిన గింజలు మధ్యలో పెట్టుకుని నలుగురం కూర్చున్నాం. నేను, మా అత్త, మీ అమ్మ, గోడ అవతలి చెల్లెలు. పితికితే పప్పు గిన్నెలో పడాలి కానీ ఎటు దూకుతుందో దానిష్టం. ఒకటి పోయి మా అత్త కళ్ళద్దాలకు తగిలింది.

"ఎవరు మే నన్ను గురి చూసి కొట్టింది?"

"నేను కాదవ్వా, లోపలుండేది కొట్టింది" అని మీ అమ్మ కడుపు చూపించింది. ఆ లోపలుండేది నువ్వే.

మధ్యాహ్నం అందరికీ వడ్డించాను. మీ అమ్మ ముందు కూర్చోవడానికి ధైర్యం చాలక పొయ్యి దగ్గరే ఏదో సర్దుతున్నట్టు నిలబడ్డాను. మొదటి ముద్ద మింగింది. రెండో ముద్ద మింగింది. పళ్ళెం శబ్దం ఆగింది. నేను వెనక్కి తిరగలేదు.

"ఇంకా ఉండాదా మా?"

పెట్టాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ పెట్టాను. మా అత్త తన పళ్ళెంలోని పప్పు కూడా మనవరాలి పళ్ళెంలోకి తోసి, "నాకు పండ్లు లేవులే, నమలలేను" అంది. పితికినపప్పుకు పండ్లెందుకు, అది వెన్నలాగా ఉంటుంది.

నేను తినడానికి కూర్చునేసరికి గిన్నె అడుగున కొంచెం పులుసే మిగిలింది, ఒక్క పప్పు కూడా లేదు. అందులోనే సంగటి ముద్ద తిప్పుకుని, గిన్నె తళతళలాడేదాకా తుడుచుకుని తిన్నాను.