బావ ఓడిన ఆటలు

మా బావ ఫోన్లో చదరంగం ఆడి గెలిస్తే, ఫోన్ జేబులో పడేసి టీకి పోతాడు. ఓడిపోతే మాత్రం ఆ రోజు మధ్యాహ్నం భోజనం డబ్బా మూత కూడా తియ్యడు. ఆఫీసు టేబుల్ మీద అసలు చదరంగం బల్ల పరిచి, పొద్దున ఓడిన ఆటని మొదటి నుంచీ మళ్ళీ వేస్తాడు. తన ఎత్తు వచ్చిన ప్రతిసారీ చెయ్యి ఆపి, తనని తనే నిలదీసుకుంటాడు. "ఇదెందుకు వేశావ్?" దానికి జవాబు కూడా తనే చెప్పుకోవాలి, అదీ పైకి వినపడేలా.

చెక్క గోడకి ఇవతల కూర్చుని ఫోన్లెత్తేది నేనే కాబట్టి ఆ విచారణంతా నా చెవిన పడేది. నేను వాళ్ళావిడకి చెల్లెల్ని. ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తున్నానని బావ అంటాడు గానీ, నేను లేకపోతే తన డ్రైవింగ్ స్కూల్లో ఏ కారు ఎప్పుడు ఎవరికో దేవుడిక్కూడా తెలీదు.

ఆ అలవాటు బావకి కార్ల నుంచే వచ్చింది. పాఠం అయిపోయాక నేర్చుకునేవాళ్ళ చేత కారు ఓ పక్కకి ఆపించి, ఇంజన్ తీయించి, "ఇందాక మలుపు దగ్గర స్పీడెందుకు పెంచావ్?" అని అడుగుతాడు. తిట్టడు, కసరడు. జవాబొచ్చేదాకా అలా చూస్తూ కూర్చుంటాడు. దానికంటే రెండు తిట్లు తిట్టినా బాగుండునని చాలామంది నా దగ్గర మొత్తుకున్నారు.

చదరంగం యాప్‌లో ఓ బటనుంది. నొక్కితే చాలు, నువ్వెక్కడ తప్పు చేశావో ఎర్రగా వెలిగించి చూపించేస్తుంది. బావ దాన్ని ఆఖర్న గానీ ముట్టుకోడు.

"అది క్షణంలో చెప్పేదానికి నువ్వు డబ్బా చల్లారబెట్టుకోవడం దేనికి బావా?" అన్నాను ఓ రోజు.

"తప్పెక్కడో అది చెప్తుంది అమ్మాయ్. నేనెందుకు చేశానో దానికేం తెలుసు?"

కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే అనుకున్నాను. ఏళ్ళ తరబడి యాప్‌లో బావ రేటింగు ఒకే అంకె దగ్గర వేలాడుతోంది, నాలుగు మెట్లెక్కి నాలుగు దిగుతూ. ఈ పోస్ట్‌మార్టం వల్ల ఒరిగేదేముందో నాకు అర్థమయ్యేది కాదు.

అప్పట్లో ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. మా అక్క ఒక క్లినిక్‌లో పని చేస్తుంది. ఎముకలు విరిగినవాళ్ళకీ, పక్షవాతమొచ్చి చెయ్యో కాలో పడిపోయినవాళ్ళకీ ఇళ్ళకెళ్ళి వ్యాయామం చేయించడం దాని పని. బస్సులో వెళ్ళొస్తూ ఉండేది. ఇప్పుడు క్లినిక్‌వాళ్ళు కార్లు కొన్నారు. ఎవరి కారు వాళ్ళే నడుపుకుని పేషెంట్ల దగ్గరికెళ్ళాలి, లైసెన్సు లేనివాళ్ళు ఈ నెలాఖరు నుంచి రిసెప్షన్‌లో కూర్చోవాలి అన్నారు. అక్కకి అది చావుతో సమానం. మంచం మీద నుంచి లేచి కిటికీ దాకా నడిచిన మనిషిని చూసొచ్చిన రోజు అది ఇంట్లో కాళ్ళు నేలకానకుండా తిరుగుతుంది. అలాంటి మనిషిని టోకెన్లివ్వమంటే ఏమైపోతుంది?

లైసెన్సు కోసం అక్క రెండుసార్లు పరీక్షకెళ్ళింది. రెండుసార్లూ ఒకే చోట పోయింది. మనుషులు రోడ్డు దాటే తెల్ల గీతల దగ్గర. పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టర్ తన వైపు బ్రేకు నొక్కాల్సొచ్చింది, ఆయన నొక్కితే ఫెయిలే. నెలాఖరు లోపల ఇంకొక్క అవకాశం మిగిలింది. నేర్పేది మా బావే. వేరే స్కూల్లో చేరదామంటే, డ్రైవింగ్ మాస్టారి పెళ్ళాం పక్క స్కూల్లో చేరిందట అని జనం నవ్విపోరూ?

"ఆ ఇన్‌స్పెక్టర్‌కి మన స్కూలంటేనే పడదు," అనేవాడు బావ. నిజమేననుకునేదాన్ని నేను కూడా. ఎందుకంటే మా దగ్గర నేర్చుకున్నవాళ్ళు చాలామంది ఆ గీతల దగ్గరే పోయేవాళ్ళు. నేర్చుకునేటప్పుడు మాత్రం మా కారు మీద ఇంతవరకు గీత పడిన పాపాన పోలేదు. తల్లిదండ్రులు అది చూసే పిల్లల్ని మా దగ్గర చేర్పించేవాళ్ళు. నేర్పే కారులో పక్క సీటు ముందు, కాళ్ళ దగ్గర మాస్టారికి ఇంకో బ్రేకుంటుంది, నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే నొక్కడానికి. మా బావ కాలు ఎప్పుడూ దాని మీదే.

ఒక మధ్యాహ్నం మామూలుగానే విచారణ మొదలైంది. ఆ పొద్దున ఓడిన ఆటలో మొదట బావదే పైచెయ్యి. బావ గుర్రం బల్ల నడిమధ్యన, ఎవరూ కదపలేని చోట కూర్చుని అవతలివాణ్ణి ఊపిరి తీసుకోనివ్వడం లేదు. అంతలో అవతలివాడు మంత్రిని తెచ్చి బావ రాజుకి దగ్గర్లో నిలబెట్టాడు. అంతే, బావ ఆ బంగారంలాంటి గుర్రాన్ని వెనక్కి లాక్కొచ్చి రాజు పక్కన కాపలా పెట్టేశాడు. అక్కణ్ణుంచి ఆట చేజారిపోయింది.

"ఇదెందుకు వేశావ్?"

"రాజుని కాపాడ్డానికి."

"ఎవరి నుంచి?"

నేను గోడ పక్క నుంచి తల పెట్టి చూశాను. బావ అవతలివాడి మంత్రిని వేలితో తాకి, అది ఎటెటు పోగలదో ఒక్కో గడీ చూస్తున్నాడు. దాని వెనక సాయమొచ్చే గుర్రం లేదు, ఏనుగు లేదు. ఒంటరి మంత్రి వచ్చి నిలబడింది గానీ, చెయ్యగలిగిందేమీ లేదు.

"మరెందుకు వేశావ్?" అన్నాడు మళ్ళీ, ఈసారి నెమ్మదిగా.

"భయమేసి."

నా చేతి కింద ఫోను మోగుతూనే ఉంది. ఎత్తలేదు. ఇంత వయసొచ్చింది నాకు, ఒక్క మగాడు ఈ మాట అనగా వినలేదు. ఆ గదిలో అడిగేవాళ్ళు లేరు, ఒప్పుకుంటే మెచ్చుకునేవాళ్ళూ లేరు. నెరిసిన మీసం పెట్టుకుని, ఊరంతటికీ కారు నేర్పిన మనిషి, ఒక చెక్క గుర్రం ముందు కూర్చుని తనకి భయమేసిందని తనకే చెప్పుకుంటున్నాడు. ఏవో ఈకలు పీకుతున్నాడని నవ్విన నా నోరు ఆ రోజుతో మూతపడింది.

ఆ తర్వాత బావ పాత ఆటలన్నీ బయటికి తీశాడు. యాప్‌లో అన్నీ భద్రంగానే ఉంటాయి. ఓడినవి ఒక్కోటీ వేసుకుంటూ పోయాడు. ఆటలు వేరు, అవతలివాళ్ళు వేరు. తప్పు మాత్రం ఒక్కటే. ఎవడో దగ్గరికొచ్చేవాడు, బావ ఏదో ఒకటి వెనక్కి లాగేవాడు. ఇంకా ఏమీ జరగకుండానే, జరుగుతుందేమోనని.

చివరికి ఓ రోజు పావులన్నీ అలాగే వదిలేసి లేచాడు. బయట నిలిపిన కారు దగ్గరికెళ్ళి, తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, కాళ్ళు పెట్టే చోట తల దూర్చాడు. కారుకేమైందోనని నేనూ వెళ్ళాను.

"అమ్మాయ్, ఇలా చూడు."

నేర్చుకునేవాళ్ళ వైపు బ్రేకు రబ్బరు మీద గాట్లు కొత్తదానిలా పైకి తేలి ఉన్నాయి. బావ వైపుది నున్నగా అరిగిపోయి, ఓ మూల ఇనుము కూడా బయటపడింది.

"రెండూ ఒక్క రోజే వేయించాను," అన్నాడు. ఆ ఇనుము మీద బొటనవేలితో రాస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళూ ఇన్‌స్పెక్టర్‌ని ఆడిపోసుకున్నాం. పాఠానికి రోజూ ఎక్కి దిగే కారులో, మా కాళ్ళ కిందే ఉంది సమాధానం. కనిపెట్టడానికి ఈ మనిషి ఎక్కడెక్కడి వాళ్ళ చేతుల్లోనో ఓడిపోయి, ఆ ఓటముల్ని గింజ గింజా ఏరుకోవాల్సొచ్చింది.

ఆ సాయంత్రం అక్క బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. బావ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నీకు బ్రేకు నొక్కే పని నేనెప్పుడూ పడనివ్వలేదు," అన్నాడు. "నువ్వు చూసేలోపే నేను నొక్కేసేవాణ్ణి. అందుకే పరీక్షలో నీ కాలు లేవలేదు."

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఇది తెలుసుకోవడానికి మీకు చదరంగం కావాల్సొచ్చిందా? మొదటి వారం నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను కదండీ, కాలు తియ్యండి, నేను చూసుకుంటానని."

"చెప్పావు. నేనే వినలేదు."

"ఎందుకు వినలేదు?"

అచ్చం బావలాగే అడిగింది. నవ్వొచ్చిందిగానీ, అక్క మొహం చూసి దిగమింగుకున్నాను.

"భయమేసి."

"కారు కోసమా, నా కోసమా?"

"నీ కోసం."

అక్క ఇస్త్రీ చేసిన జాకెట్టు చేతినే మళ్ళీ ఇస్త్రీ చేసింది.

మర్నాటి నుంచి పాఠం మారిపోయింది. తోడుగా వెనక సీట్లో నన్ను ఎక్కించారు. ఎందుకొచ్చానా అనుకున్నాను. కారెక్కగానే బావ చెప్పులు విడిచి, బెల్టు పెట్టుకుని, ఆ పక్క సీట్లో కాళ్ళు పైకి మడుచుకుని బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు.

"ఇదేం కూర్చోవడం బావా?"

"కింద ఉంటే ఊరుకోదిది," అన్నాడు, తన పాదాన్ని చేత్తో పట్టుకుంటూ.

మొదట గోడౌన్ల వెనక ఖాళీ స్థలంలో తిప్పారు. ఎదురుగా ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టి, వాటి ముందు ఆపమన్నాడు. అక్క మొదటిసారి ఆపలేదు. నిజంగానే ఆపలేదు. పక్కన ఎవరో నొక్కుతారన్నట్టు కాలు అలాగే పెట్టుకుని వెళ్ళి డ్రమ్ముని గుద్దింది. మా స్కూలు కారుకి పుట్టి బుద్ధెరిగాక పడిన మొదటి సొట్ట అది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బావ అక్కడే, రెండు చేతులా పాదం పట్టుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

ఇంజన్ తీయించాడు. "ఎందుకు ఆపలేదు?"

అక్క స్టీరింగు పట్టుకుని ఆలోచించింది. "మీరు ఆపుతారని," అంది.

"ఇప్పుడు ఆపను."

"తెలిసింది."

ఆ తర్వాత డ్రమ్ములకి దెబ్బ తగల్లేదు. వీధుల్లోకి వెళ్ళారు. సైకిళ్ళొచ్చాయి, కుక్కలొచ్చాయి, ఫోన్లో మాట్లాడుకుంటూ రోడ్డుకి అడ్డంపడే మహానుభావులొచ్చారు. అక్క ఆపింది. ఒక్కోసారి కాస్త ఆలస్యంగా, ఒక్కోసారి అవసరం లేకుండా, కానీ తనే ఆపింది. వెనక కూర్చుని నేను కాలి కింద పట్టా తొక్కి తొక్కి పిక్కలు పట్టేయించుకున్నాను. బావ మాత్రం ఆ బాసింపట్టు విప్పలేదు. నేను ఏ గుళ్ళోనూ అంత నిష్ఠగా కూర్చున్న మనిషిని చూడలేదు.

ఆ రోజుల్లోనే ఓ ఆటలో మళ్ళీ ఎవడిదో మంత్రి వచ్చి బావ రాజుకి దగ్గర్లో నిలబడింది. బావ రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకున్నాడు. గడియారం నడుస్తోంది. మంత్రి వెనక ఎవరున్నారో చూశాడు. ఎవరూ లేరు. గుర్రాన్ని కదపలేదు. ఇంకో పక్క నుంచి ఏనుగుని ముందుకి తోశాడు. కాసేపటికి అవతలివాడి ఆట కట్టింది. ఆ రోజు బావ టీకి పోలేదు. గెలిచిన ఆటని మొదటిసారి బల్ల మీద పరిచి, "ఇదెందుకు కదపలేదు?" అని తనని తనే అడిగాడు. ఎన్నాళ్ళుగానో కదలని ఆ రేటింగు అంకె ఇప్పుడు నెమ్మదిగా పైకి పాకుతోంది. దాని గురించి బావ ఎవరికీ చెప్పలేదు, నేనే అందరికీ చెప్పాను.

పరీక్ష రోజు మా కారులోనే ఇన్‌స్పెక్టర్ బావ సీట్లో కూర్చున్నాడు. అక్క మాకేసి చూడకుండా బయల్దేరింది. నేనూ బావా ఆర్టీవో ఆఫీసు గేటుకి ఎదురుగా ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఊరు చుట్టి తిరిగొచ్చేటప్పుడు కారు మా ముందున్న గీతల మీదుగానే రావాలి. రెండుసార్లూ అక్క పోయిన గీతలవి. బావ ఫోన్ తియ్యలేదు. నేను ఏదో జోకు వెయ్యబోయి మానేశాను.

చాలాసేపటికి కారు మూల తిరిగింది. అదే క్షణంలో ఒక ముసలాయన చేతికర్ర ముందు పెట్టి, అటూ ఇటూ చూడకుండా గీతల మీదికి దిగాడు.

కారు వస్తోంది. అద్దం వెనక అక్క మొహం కనిపిస్తోంది. పక్కనున్న ఇన్‌స్పెక్టర్ ముందుకి వంగాడు. ఆగు అక్కా, ఆగు.

నా పక్కన బావ కాలు లేచి ధన్‌మని నేలని తొక్కింది. చెప్పు కింద మట్టి లేచింది.

అప్పటికే కారు ఆగి ఉంది. ముసలాయనకి చాలా ఇవతల, ఏ కుదుపూ లేకుండా. ఆయన కర్ర ఎత్తి అక్కకి సలాములాంటిదేదో పెట్టి నిదానంగా దాటుకుపోయాడు. ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వెనక్కి ఆనుకున్నాడు.

బావ వంగి, మట్టిలో దిగబడిన తన కాలిని చూసుకున్నాడు.

"ఎందుకు నొక్కావ్?" అని అడిగాను నేను. ఇన్నాళ్ళకి నాకూ దొరికింది అవకాశం.

కారు మళ్ళీ కదిలి, మా ముందు నుంచి వెళ్ళి, గేటు లోపలికి తిరిగేదాకా బావ చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

"అలవాటు అమ్మాయ్," అన్నాడు. "మీ అక్క నాకంటే ముందే నొక్కింది, చూశావా?"