అవ్వ పంచిన తెల్లగుడ్డ

మొన్న నస్పూర్‌లో మా పక్కింటివాళ్ళు పాత సిమెంటు రేకులు సుత్తితో పగలగొట్టిస్తుంటే, బకెట్టెడు నీళ్ళతో ఉరికాను. ముందు తడపండి, పగలకుండా దింపండి అని గొంతు చించుకున్నాను. "గింత దుమ్ముకే గంత పరేషానెందుకు మేడం" అన్నాడు మేస్త్రీ. రిటైరైన టీచర్ని, చెప్పినమాట వినేదాకా కదల్లేదు. ఈ మొండితనం నాకు అవ్వ నుంచి, అంటే మా అమ్మ నుంచి వచ్చింది.

మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, ఒక కాంట్రాక్టరు కింద బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు. వేడి పోకుండా ఆవిరి గొట్టాలకు రాతినార, అంటే ఆ సిమెంటు రేకుల్లో ఉండే ఆస్‌బెస్టాస్, చుట్టడం ఆ పని. సాయంత్రం కనుబొమ్మలతో సహా తెల్లబడి, పిండిగిర్నీలోంచి లేచొచ్చినట్టు వచ్చేవాడు. అవ్వ ఆ బట్టల్ని గుమ్మం దగ్గర గోడకేసి దులిపి గాని నీళ్ళలో వేసేది కాదు. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది మరి, నీళ్ళు ఆదా చేయాలి. పనిలో మిగిలిన రాతినార గుడ్డను బాపు ఇంటికి తెచ్చేవాడు. బొగ్గుల పొయ్యి మీంచి కాలే అన్నం గంజు దించడానికి నిప్పంటుకోని ఆ గుడ్డను మించింది లేదు. అవ్వ దాన్ని చదరంగా కత్తిరించి, అంచులు కుట్టి, మా క్వార్టర్ల వరసలో ఎవరు కొత్తగా కాపురం పెట్టినా ఒకటి చేతిలో పెట్టేది. స్టీలు గిన్నెలు పెట్టే స్తోమత మాకు లేదు. అయినా అవ్వ కానుకను ఆడవాళ్ళు అడిగి మరీ పుచ్చుకునేవాళ్ళు. అదొక గర్వం ఆమెకు.

బాపు దగ్గి దగ్గి పోయాడు. బీడీల వల్ల అని ఆస్పత్రి కాగితంలో రాశారు. పక్కవాడు బీడీ ముట్టిస్తే లేచిపోయే మనిషి మా బాపు. అప్పుడు అవ్వ ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో పెట్టింది. ఏళ్ళ తర్వాత ఆమెకూ ఆయాసం మొదలైంది. కరీంనగర్‌లో డాక్టరు ఎక్స్‌రే చూసి, పొయ్యి పొగ వల్ల అని రాయబోతే అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది.

"పొగైతే మా వాడకట్టుల అందరికి రావాలె గద సారు. నేను పెండ్లయినకాంచి గా తెల్లదుమ్ము దులిపిన. గది రాయి. రాయకుంటే గీ కుర్సీల కెల్లి లేవ."

డాక్టరు పెన్ను పక్కన పెట్టి మొదటినుంచీ అడిగాడు. స్కాన్ తీయించి, రాతినార దుమ్ము వల్లనే అని రాసిచ్చాడు. చదివి వినిపిస్తే అవ్వ మొహం మాడిపోయింది. "గదే గుడ్డ ఇంటింటికి పంచితి గద బిడ్డా" అంది. 

పెట్టింది తిరిగి అడగడం మా దగ్గర పరువు తక్కువ. మర్నాడే అవ్వ ఆ పనికి దిగింది. కాగితం జిరాక్సులు తీయించి, నన్ను వెంటేసుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ గడపగడపా తిరిగింది. "నా గుడ్డ నాకియ్యుండ్రి, గీ కాయిదం డాక్టరుకు చూపియ్యుండ్రి" అనేది. దొరికిన గుడ్డల్ని డాక్టరు చెప్పినట్టు తడిపి సంచిలో మూట కట్టేవాళ్ళం. ఒకావిడ "పెట్టిన చేత్తోనే గుంజుకపోతున్నవా అక్కా" అని తలుపు వేసుకుంది. గుడ్డ బయటికొచ్చేదాకా అవ్వ ఆ గడపలోనే కూర్చుంది. సంగతి తెలిసి కాంట్రాక్టరు మనిషి వచ్చాడు, జనాన్ని భయపెట్టొద్దని నచ్చజెప్పాడు.

"భయం నేను పెడ్తలే. లోపల పెట్టింది మీ దుమ్ము. నేను చెప్తున్న, గంతే" అంది అవ్వ. ఆయనకు చాయ్ కూడా ఇవ్వలేదు. మా ఇంట్లో అలా జరగడం అదే మొదలు.

పరీక్షలకు వెళ్ళినవాళ్ళలో ఇద్దరికి ఊపిరితిత్తుల్లో మచ్చలు బయటపడ్డాయి. వాళ్ళు ఇప్పటికీ డాక్టరుకు చూపించుకుంటున్నారు. అవ్వ రెండేళ్ళకు పోయింది. నాకు ఆ దుమ్ము మీద కోపం ఇంకా చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. అది మా ఇంట్లో ముప్పై ఏళ్ళు ఎవరికీ చెప్పకుండా కూర్చుంది. తెలిశాక అవ్వ ఒక్కరోజు కూడా ఆగలేదు.