ఏ పనీ చేయని లూపు

మాస్టారు పోయారని నరసాపురం నుంచి ఫోనొస్తే, "ఏ మాస్టారండీ?" అని రెండుసార్లు అడిగాను. నాకున్నది ఒక్క మాస్టారే. పాలిటెక్నిక్‌లో మాకు సి అనే కంప్యూటర్ భాష చెప్పినాయన. అయినా బుర్ర పనిచేయలేదు. ఇది రాస్తున్నప్పుడూ సరిగ్గా పనిచేస్తోందని చెప్పలేను.

క్లాసులో ఆయన మమ్మల్ని అర్థమైందా అని అడిగేవారు కాదు. తనకేది అర్థం కాలేదో చెప్పి, బోర్డు వంక చూస్తూ నిలబడిపోయేవారు. ఇదేం చదువురా బాబూ అని మేం తలలు పట్టుకునేవాళ్లం.

తర్వాత నేను మొగల్తూరు దగ్గర రొయ్యపిల్లల హేచరీలో కంప్యూటర్ పనికి చేరాను. సముద్రపు నీళ్లలో మంచినీళ్లు ఎంత కలపాలో అక్కడొక పాత ప్రోగ్రామ్ చెప్పేది. ఉప్పు కొలిచే మీటరు నుంచి అంకె తీసుకుని లెక్కకట్టేది. పాత కంప్యూటర్ పాడైతే అదే ప్రోగ్రామ్‌ని కొత్తదాంట్లో పెట్టాను. అంతే, తొట్టెల్లో పిల్లలు చచ్చి అడుక్కి చేరడం మొదలైంది.

"కంప్యూటర్ మార్చింది మీరే కదండీ," అన్నారు ఓనరుగారు. ఇంకో తొట్టె పోతే నా ఉద్యోగం పోయినట్టే. ప్రోగ్రామ్ రాసినతను ఎక్కడున్నాడో తెలీదు, అతను రాసిన సి ఫైలూ లేదు. మిగిలింది కంపైలైపోయి, మనిషి చదవలేని అంకెలుగా మారిన ఫైలొక్కటే. దాన్ని ఫ్లాపీలో వేసుకుని మాస్టారింటికి పరిగెత్తాను.

"పనసపొట్టు కొట్టేశాక కాయని మళ్లీ అతికించలేమమ్మా. ఏ ముక్క ఎక్కడిదో చూడొచ్చంతే," అంటూ ఆబ్జ్‌డంప్ అనే కమాండ్ కొట్టి ఫైలుని విప్పి చూపించారు. తెర నిండా అంకెలు, పొట్టిపొట్టి మాటలు. అందులో ఉప్పు చదివే ఫంక్షన్ పేరు వెతికి పట్టుకున్నారు. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ రెండు చిరునామాలూ ఇచ్చి, ఆ ముక్కొక్కటే విడదీశారు. దాని మధ్యలో ఒక లూపు, అంటే చేసిన పనే మళ్లీ మళ్లీ చేసే ముక్క. ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ పోతుంది, ఇంకేమీ చేయదు.

"దండగండీ, తీసేద్దాం."

"అర్థం కానిదాన్ని తీసెయ్యకమ్మా."

"మరి అర్థమయ్యేదెప్పుడండీ? అక్కడ పిల్లలు చచ్చిపోతుంటే!"

"నాకూ తెలీదు," అన్నారు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

ఇంతలో అమ్మగారు కాఫీ తెచ్చారు. నురగ దిగితేగానీ కాఫీ ఎంతుందో తెలీదని ఆయన వాదన. ఎప్పట్లాగే గ్లాసు కింద పెట్టి చూస్తూ కూర్చున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్నట్టుండి ఆయన తలెత్తారు.

"అమ్మా, మీ మీటరు నీళ్లలో పెట్టగానే అంకె నిలబడుతుందా?"

"ఎక్కడండీ, కాసేపు అటూ ఇటూ ఊగి..." అని ఆగిపోయాను.

అంకె నిలబడేదాకా ఆగడానికే ఆ లూపు. పాత కంప్యూటర్ నిదానంగా లెక్కపెట్టేది. కొత్తది రెప్పపాటులో ముగించేసి, ఊగుతున్న అంకెనే పట్టుకుంటోంది. లూపు ఎంతదాకా లెక్కపెట్టాలో ఆ ఒక్క అంకె పెంచి ఫైల్లో దిద్దాం. మిగిలిన తొట్టెలు బతికాయి. నా ఉద్యోగమూ బతికింది. ఆ రోజు ఆయన లేకపోతే నేనేమైపోయేదాన్నో!

ఆయన మాత్రం వీధి చివరిదాకా వచ్చి, "కంప్యూటర్లో గడియారం ఉండగా అతను ఒకటీ రెండూ ఎందుకు లెక్కపెట్టించాడో అర్థం కాలేదమ్మా," అన్నారు.

ఫోనొచ్చాక మాస్టారింటికి పలకరింపుకి వెళ్లొచ్చిన మర్నాడు డ్యూటీకి వెళ్లాను. మీటరు నీళ్లలో దించగానే తెర ఎప్పట్లాగే కదలకుండా ఆగింది.

"హ్యాంగైపోయిందాండీ?" అని కొత్తగా చేరినావిడ అడిగింది.

చెయ్యెత్తి, ఆగమన్నాను. ఇద్దరం తెర వంక చూస్తూ నిలబడ్డాం. అంకె ఇంకా రాలేదు.